సయ్యద్ జమాలుద్దీన్ అఫ్గానీ – ఒక విశ్వాసి సందేహం

మన విద్యార్థులలో చాలామందికి పరిణామ సిద్ధాంతం పరీక్షలో వ్రాయవలసిన ఒక జవాబు మాత్రమే. జంతుశాస్త్ర తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు అందరూ శ్రద్ధగా వ్రాసుకుంటారు, కంఠస్థం చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. మనసులో మెదిలే సందేహాన్ని మాత్రం పెదవి దాటనివ్వరు. గురువుగారిని అడిగితే అజ్ఞాని అనుకుంటారేమోనని తరగతిలో భయం. పెద్దలను అడిగితే దైవచింతన తగ్గిందనుకుంటారేమోనని ఇంట్లో భయం. ఇట్లా తరగతిలో ఒక మాట, ఇంట్లో మరొక మాటగా రెండు లెక్కల పుస్తకాలు నడిపే అలవాటు మన చదువుకు మేలు చేయదు, మన విశ్వాసానికీ మేలు చేయదు. అందుకే ఈ సందేహాన్ని బహిరంగంగా, పేరు పెట్టి, అచ్చులో ప్రకటించిన ఒక మహాపండితుని జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకోవాలని మేము తలచాము. ఆయన ఆ పని చేసినది కైరోలోనో ఇస్తాంబూలులోనో కాదు. మన హైదరాబాదులో, 1881వ సంవత్సరంలో. ఆయనే సయ్యద్ జమాలుద్దీన్ అఫ్గానీ.

జమాలుద్దీన్ 1838వ సంవత్సరంలో జన్మించారు. తాను ఆఫ్ఘనిస్తాన్ వాడనని ఆయన చెప్పుకునేవారు. ఆ పేరే లోకంలో స్థిరపడింది. కాని ఇరాన్ దేశంలో హమదాన్ సమీపాన గల అసదాబాద్ ఆయన జన్మస్థలమని తరువాతి పరిశోధకులు నిర్ధారించారు. బాల్యంలో తండ్రి వద్ద, తరువాత కజ్వీన్, టెహరాన్, నజఫ్ నగరాలలో విద్యాభ్యాసం సాగింది. ఖురాను వ్యాఖ్యానం, తర్కం, అవిసెన్నాగా పాశ్చాత్యులు పిలిచే ఇబ్నె సీనా తత్త్వశాస్త్రం ఆయనకు చిన్ననాటనే పట్టుబడ్డాయి. సుమారు పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో తొలిసారి మన దేశానికి వచ్చారు. ఐరోపా గణితంతో, విజ్ఞానశాస్త్రాలతో పరిచయం ఆయనకు ఇక్కడనే కలిగింది. అది 1857 తిరుగుబాటుకు ముందూ వెనుకా గల కాలం. పరాయి పాలన ఒక జాతిని ఎంతగా కుంగదీయగలదో ఆ యువకుడు కళ్ళారా చూశారు. ఆ దృశ్యం జీవితాంతం ఆయనను వెన్నాడింది.

ఆ తరువాత ఆయన జీవితమంతా ప్రయాణాలే, బహిష్కరణలే. ఆఫ్ఘనిస్తాన్ నుండి 1868లో వెడలగొట్టబడి ఇస్తాంబూలు చేరారు. అక్కడ 1870లో కొత్త విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ఉపన్యాసంలో ప్రవక్తృత్వాన్ని మానవ సమాజానికి ఉపకరించే వృత్తుల సరసన పేర్కొన్నారన్న అభియోగంపై మతాధికారులు మండిపడ్డారు. ఆయన నగరం విడిచిపోవలసి వచ్చింది. మతానికి అపచారం చేశాడన్న నింద ఒకనాడు ఆయన మీదనే పడిందన్న సంగతిని మనం గుర్తుంచుకోవాలి.

1871 నుండి ఎనిమిదేళ్ళు కైరోలో ఉన్నారు. అల్ అజ్హర్ విద్యార్థులు సాయంకాలాలు ఆయన ఇంట చేరి తర్కం, తత్త్వం, ఖగోళం చదివేవారు. తరువాతి కాలంలో ఈజిప్టుకు ప్రధాన ముఫ్తీ అయిన మహమ్మద్ అబ్దుహూ వారిలో ముఖ్యుడు. రాజకీయ ప్రసంగాలకు భయపడి 1879లో ఖదీవు ఆయనను దేశం నుండి పంపివేశాడు. అప్పుడు ఆయన మళ్ళీ మన దేశానికి వచ్చి, 1880లో హైదరాబాదు చేరారు.

ఆనాటి హైదరాబాదును ఒకసారి ఊహించుకుందాము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇంకా బాలుడు. రాజ్యభారమంతా దివాన్ సాలార్ జంగ్ మీద ఉన్నది. దర్బారులో పారసీ భాష చెలామణి అవుతున్నది. నేటి మన కరీంనగర్ ప్రాంతం ఎల్గందల్ జిల్లాగా, ఆదిలాబాదు ప్రాంతం సిర్పూర్-తాండూరుగా అదే రాజ్యంలో ఉన్నాయి. ఉత్తరాదిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో కళాశాల స్థాపించి, ప్రకృతి నియమాలకూ ఖురానుకూ విరోధం ఉండజాలదని బోధిస్తున్నారు. ఆంగ్లంలోని నేచర్ అన్న మాటను ఆయన తరచుగా వాడినందువల్ల ఆయన అనుయాయులను ప్రత్యర్థులు నేచరీలని వెక్కిరించేవారు. ఆ గాలి హైదరాబాదుకూ వీచింది.

1880 చివర హైదరాబాదులోని మదరసా-ఎ-అయిజ్జాలో గణితం బోధించే మౌల్వీ మహమ్మద్ వాసిల్ అఫ్గానీకి ఒక లేఖ వ్రాశారు. ఎక్కడ చూసినా నేచర్ అన్న మాట వినిపిస్తున్నదనీ, ఆ మతం ఏమిటో, అది నాగరికతకు మేలు చేసేదో కాదో వివరించమనీ ఆ ఉపాధ్యాయుడు కోరారు. ఒక బడిపంతులు అడిగిన ప్రశ్నకు సమాధానంగా పుట్టినదే నేచరీల మతాన్ని ఖండించే అఫ్గానీ పారసీ గ్రంథం. 1881లో అది హైదరాబాదులో అచ్చయింది. తరువాత ఉర్దూలోకి మారింది. 1886లో అబ్దుహూ పేరుతో అరబ్బీలో బేరూతు నుండి వెలువడి ముస్లిం ప్రపంచమంతటా వ్యాపించింది.

ఆ గ్రంథంలో ఒక భాగం చార్లెస్ డార్విన్ మీద ఎక్కుపెట్టినది. డార్విన్ జీవజాతుల పుట్టుకను గురించిన పుస్తకాన్ని 1859లోనూ, మానవుని పూర్వీకులను గురించిన పుస్తకాన్ని 1871లోనూ ప్రచురించాడు. వాటిని అఫ్గానీ నేరుగా చదివిన జాడ ఆయన ఖండనలో కనిపించదు. విన్నదానిని బట్టి మూడు ఆక్షేపణలు చేశారు. మొదటిది: ఈ సిద్ధాంతమే నిజమైతే యుగాలు గడిచేసరికి చిన్న పురుగు ఏనుగు కావచ్చు, ఏనుగు పురుగూ కావచ్చు. రెండవది: మన దేశపు అడవులలో చెట్లు ఒకే నేలలో వేళ్ళు పెనవేసుకొని, ఒకే నీరు త్రాగి, ఒకే గాలి పీల్చి పెరుగుతున్నా ఆకులో, కాయలో, రుచిలో, ఆయుష్షులో అంత భేదం ఎందుకున్నది? మూడవది: తోకలు కోయగా కోయగా కొన్నాళ్ళకు తోకలేని కుక్కలు పుడతాయని డార్విన్ చెప్పాడట, మరి అరబ్బులలో, యూదులలో వేల యేండ్లుగా సున్తీ ఆచారమున్నా బిడ్డలలో ఆ మార్పు రాలేదేమి?

ఈ ఆక్షేపణలను చూసి నవ్వడం సులభం. కాని వాటిని గౌరవంతో పరిశీలించడం వల్లనే మనకు లాభమున్నదని మా అభిప్రాయం.

పురుగూ ఏనుగూ మాట తీసుకుందాము. ఒక జీవి మరొక జీవిగా మారిపోతుందని డార్విన్ అనలేదు. వేర్వేరు జీవులు ఎంతో ప్రాచీనమైన ఉమ్మడి పూర్వీకుల నుండి శాఖోపశాఖలుగా విడివడినాయన్నాడు. పెదతండ్రి కొడుకు మన తండ్రి కానట్లే, నేటి కోతి మనిషికి తాత కాదు. ఇద్దరికీ తాత వేరొకడు.

రెండవ ఆక్షేపణ మన జిల్లాల వారికి ఇట్టే అర్థమవుతుంది. ఆదిలాబాదు అడవిలో టేకు, ఇప్ప, తునికి, మద్ది ఒకే నేలలో పక్కపక్కన నిలిచి ఉంటాయి. నేల ఒక్కటైనా విత్తనం వేరు కనుక చెట్టు వేరు. ప్రతి విత్తనమూ తన పూర్వీకుల వారసత్వాన్ని మోసుకొని వస్తుంది. అదే సిద్ధాంతం చెప్పే సమాధానం. అయితే ఆ వారసత్వం ఏ విధంగా తరం నుండి తరానికి చేరుతుందో 1881లో అఫ్గానీకే కాదు, డార్విన్‌కు కూడా తెలియదు. గ్రెగర్ మెండెల్ అనే మతగురువు తన మఠం తోటలో బఠాణీ మొక్కలపై చేసిన ప్రయోగాలు 1866లో అచ్చయినా, 1900 వరకు లోకం వాటిని పట్టించుకోలేదు. అంటే అఫ్గానీ వేలు పెట్టిన చోట నిజంగానే ఒక ఖాళీ ఉన్నది. ఆ ఖాళీని తరువాత జన్యుశాస్త్రం పూరించింది.

ఇక తోకల సంగతి. దేహానికి తగిలిన కోత సంతానానికి సంక్రమించదని అఫ్గానీ అనడంలో పొరపాటు లేదు. జర్మనీకి చెందిన వైస్మన్ ఆ తరువాత కొద్ది యేండ్లకే ఐదు తరాలపాటు తెల్ల ఎలుకల తోకలు కోసి చూశాడు. పుట్టిన 901 పిల్లలలో ఒక్కటి కూడా తోక లేకుండా పుట్టలేదు. కాని డార్విన్ సిద్ధాంతానికి పునాది తోక కోయడం కాదు. వాడుక వల్ల కలిగే మార్పులు కొంతవరకు సంతానానికి చేరుతాయని ఆయన నమ్మిన మాట నిజమే. అది తప్పని తరువాత తేలింది. ఆయన ప్రధాన వాదం ప్రకృతి వరణం. ఒకే ఈతలో పుట్టిన పిల్లలలోనూ స్వల్ప భేదాలుంటాయి. వాటిలో పరిస్థితులకు తగినవి ఎక్కువగా బ్రతికి, ఎక్కువ సంతానాన్ని కంటాయి. ఆ భేదాలు లక్షల తరాలలో పేరుకుపోతాయి. అఫ్గానీ ఖండనలో ఈ వాదానికి జవాబు లేదు.

ఆయన హైదరాబాదులో కూర్చుని ఈ గ్రంథం వ్రాస్తున్న రోజులలోనే అదే నిజాము రాజ్యపు ఉత్తర భాగంలో మరొక పని జరుగుతూ ఉన్నది. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ప్రాణహిత-గోదావరి లోయ రాళ్ళను వివరిస్తూ వ్రాసిన పెద్ద నివేదిక సరిగ్గా 1881లోనే వెలువడింది. 1871లో ఇల్లందు సమీపాన బొగ్గును కనుగొన్నది కూడా ఈ కింగే. సింగరేణి చరిత్ర అక్కడనే మొదలైంది. ఆసిఫాబాద్ ప్రాంతపు మలేరి గ్రామం పేరు ఒక శిలాసమూహానికి పెట్టబడి ప్రపంచ శాస్త్రగ్రంథాలలోకి ఎక్కింది. ఆ రాళ్ళ వయస్సు సుమారు 22 కోట్ల సంవత్సరాలు. అక్కడ దొరికిన సెరాటోడస్ అనే చేప దంతాలను గురించి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో వ్రాశాడు. డార్విన్ పుస్తకం వెలువడిన సంవత్సరం కూడా అదే. ఆ చేపకు దగ్గరి బంధువైన ఒక చేప ఆస్ట్రేలియా నదులలో నేటికీ బ్రతికి ఉన్నదని 1870లో తెలిసింది. దానికి మొప్పలతో పాటు గాలి పీల్చే ఊపిరితిత్తి కూడా ఉన్నది. నీటికీ నేలకూ నడుమ నిలిచిన అటువంటి జీవి ఆనవాళ్ళు మన మట్టిలోనే దొరికాయి.

ఈ శిలాజాల సేకరణకు తొలి రోజులలో పాటుపడిన వారిలో ఒకరు నాగపూరులోని క్రైస్తవ మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్. ఆదివారం ప్రార్థన జరిపించి, మిగిలిన రోజులలో బడి నడుపుతూ, రాళ్ళు వెదుకుతూ తిరిగిన ఆ విశ్వాసి 1863లో ఒక వాగు దాటుతూ మునిగి చనిపోయారు. మలేరి రాళ్ళలో దొరికిన మొసలివంటి ఒక ప్రాచీన జంతువుకు ఆయన పేరు పెట్టారు. అదే రాళ్ళలో దొరికిన మరొక సరీసృపానికి డార్విన్ పక్షాన వాదించిన హక్స్‌లీ పేరు పెట్టారు. మతబోధకుడూ, మతాధికారులతో తలపడినవాడూ ఇద్దరూ మన ఆదిలాబాదు రాళ్ళలో పక్కపక్కనే నిలిచిపోయారు.

హైదరాబాదులోని పండితునికీ, గోదావరి ఒడ్డున రాళ్ళు పరీక్షించేవారికీ మధ్య దూరం కొన్ని రోజుల బండి ప్రయాణం మాత్రమే. అయినా ఆ రెండు పుస్తకాలకు ముఖాముఖి జరగలేదు. అఫ్గానీ ఆంగ్ల పాలకులను ద్వేషించారు. సర్ సయ్యద్ ఆంగ్లేయులతో సఖ్యం బోధించారు. కనుక సర్ సయ్యద్ వైపు నుండి వచ్చిన విజ్ఞానమంతా పాలకుల ఎరగా అఫ్గానీకి తోచింది. దైవభీతి సడలితే సమాజం కట్టు తప్పుతుందనీ, కట్టు తప్పిన సమాజం పరాయివారికి లొంగిపోతుందనీ ఆయన నిజమైన భయం. అందువల్ల ఆయన డార్విన్‌తో చేసిన యుద్ధంలో జీవశాస్త్రం పాలు తక్కువ, రాజకీయం పాలు ఎక్కువ. ఈనాడు కూడా పరిణామ సిద్ధాంతం మీద వాదం చెలరేగినప్పుడు అందులో శాస్త్రం ఎంత, ఇతర భయాలు ఎంత అని విడదీసి చూడడం మనం నేర్చుకోవాలి.

అఫ్గానీ విజ్ఞానానికి శత్రువు కాదు. 1882 నవంబరులో కలకత్తాలో విద్యార్థుల ఎదుట చేసిన ఉపన్యాసంలో ఆయన విజ్ఞానాన్ని ముస్లిం విజ్ఞానమనీ, ఐరోపా విజ్ఞానమనీ విభజించే ఉలేమాలను తప్పుపట్టారు. సత్యం ఎక్కడ నిరూపితమైతే అక్కడిదేనన్నది ఆయన భావం. రాత్రంతా దీపం ముందు కూర్చుని పాత గ్రంథాలు చదివే పండితుడు, ఆ దీపపు గాజు చిమ్నీ తీస్తే పొగ ఎందుకు వస్తుందో, పెడితే ఎందుకు రాదో ఒక్కసారైనా ఆలోచించడేమని ఆక్షేపించారు. మరుసటి ఏడు పారిస్‌లో ఫ్రెంచి పండితుడు రెనాన్ ఇస్లాముకూ విజ్ఞానానికీ పొసగదని ప్రకటించగా, అఫ్గానీ అక్కడి పత్రికలో సమాధానం వ్రాశారు. ఆ దోషం ఒక్క ఇస్లాముది కాదనీ, అన్ని మతాలూ ఏదో ఒక దశలో విచారణకు అడ్డు తగిలినవేననీ, ముస్లిం సమాజం కూడా ఆ దశను దాటగలదనీ వాదించారు. హైదరాబాదు గ్రంథం వ్రాసిన చేయి రెండేళ్ళకే ఈ మాటలు వ్రాయడం పలువురిని ఆశ్చర్యపరచింది.

ఈ కల్లోలం ఒక్క మతానికి పరిమితం కాదు. అదే 1882లో బేరూతులో అమెరికన్ మతబోధకులు నడిపే కళాశాలలో ఎడ్విన్ లూయిస్ అనే అధ్యాపకుడు స్నాతకోత్సవ ప్రసంగంలో డార్విన్‌ను మెచ్చుకున్నందుకు పదవి వదులుకోవలసి వచ్చింది. విద్యార్థులు ఆయన పక్షాన నిలిచి ఆందోళన చేశారు. మన కాలంలోనూ 2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఉపకులపతి ఒకరు డార్విన్ సిద్ధాంతం కన్న దశావతారాలే మేలైన వివరణ అన్నారు. 2023లో పదవ తరగతి జాతీయ పాఠ్యపుస్తకం నుండి పరిణామ అధ్యాయాన్ని తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం తెలిపారు. పురాణానికి దాని గౌరవం దానికున్నది. శిలాజానికి దాని సాక్ష్యం దానికున్నది. ఒకదాని పనిని మరొకదాని చేత చేయించబోతే రెండూ చెడిపోతాయి.

అఫ్గానీ శేషజీవితం కూడా ప్రయాణాలతోనే గడిచింది. 1884లో పారిస్ నుండి అబ్దుహూతో కలిసి నడిపిన అరబ్బీ పత్రిక 18 సంచికలతో నిలిచిపోయినా ముస్లిం దేశాలను కదిలించింది. 1891లో ఇరాన్ నుండి బహిష్కృతుడై, పొగాకు గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా ఆ దేశ ప్రజలు సాగించిన ఉద్యమానికి దూరం నుండి లేఖలతో తోడ్పడ్డారు. 1892లో సుల్తాను ఆహ్వానంపై ఇస్తాంబూలు వెళ్ళి, అక్కడనే గౌరవప్రదమైన బందీగా మిగిలిపోయారు. 1897 మార్చి 9న దవడ పుండుతో, క్యాన్సరు బాధతో కన్నుమూశారు. 1944లో ఆయన అస్థికలను కాబూలుకు తరలించారు. ఆయన సమాధి అక్కడి విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్నది. ఊరూరా తరిమివేయబడిన గురువుకు చివరకు విద్యార్థుల నడుమనే చోటు దొరికింది.

ఇస్తాంబూలులోని ఆ చివరి యేండ్లలో ఆయన సంభాషణలను మహమ్మద్ మఖ్జూమీ అనే శిష్యుడు వ్రాసిపెట్టుకొని, 1931లో బేరూతులో ప్రచురించాడు. అందులో కనిపించే అఫ్గానీ హైదరాబాదులోని అఫ్గానీ కాడు. మొక్కలలో, జంతువులలో మార్పు, ఎన్నిక జరుగుతాయన్నది అరబ్బు పండితులకు కొత్త కాదనీ, పశువుల పెంపకందార్లకు అది ఏనాడో తెలుసుననీ అక్కడ అంగీకరించారు. జీవానికి మూలమైన ప్రాణం మాత్రం సృష్టికర్త ప్రసాదమేనన్న నమ్మకాన్ని వదలలేదు. అరబ్బు దేశాలలో డార్విన్‌ను ప్రచారం చేసిన షిబ్లీ షుమయ్యిల్ భౌతికవాదంతో విభేదిస్తూనే, నమ్మినదానిని నిర్భయంగా చెప్పిన అతని ధైర్యాన్ని మెచ్చుకున్నారు. తొమ్మిదవ శతాబ్దంలో అల్ జాహిజ్ జంతువుల జీవనపోరాటాన్ని గురించి, పద్నాలుగవ శతాబ్దంలో ఇబ్నె ఖల్దూన్ ఖనిజాల నుండి మానవుని దాకా మెట్టుమెట్టుగా సాగే సృష్టిక్రమాన్ని గురించి వ్రాసిన మాట నిజమే. అయితే అవి డార్విన్ సిద్ధాంతం కావు. ప్రకృతి వరణాన్ని సాక్ష్యాలతో స్థాపించిన ఘనత డార్విన్‌ది, ఆయన సమకాలికుడు వాలెస్‌ది. పూర్వీకులను గౌరవించడానికి వారు చెప్పనిది చెప్పారనవలసిన అవసరం లేదు.

అఫ్గానీ గడిచి వంద సంవత్సరాలు దాటింది. ఆయన ఎరుగని సాక్ష్యాలెన్నో ఇప్పుడు మన ముందున్నాయి. 1970ల నుండి పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక రాక్షసబల్లి ఎముకలను త్రవ్వి తీశారు. 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని నామకరణం జరిగింది. ఆ అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టబడి ఉన్నది. అదే శిలాసమూహంలో పైకాసిగూడెం వద్ద సూది మొనంత చిన్న క్షీరద దంతాలు కూడా లభించాయి. గోదావరిఖని గనులలో బొగ్గు తవ్వే కార్మికులు 25 కోట్ల యేండ్లకు పైబడిన అడవిని ప్రతి దినమూ పైకి తెస్తున్నారు. ఈ సాక్ష్యానికి జీవకణాలలోని జన్యు సాక్ష్యం తోడైంది. జీవజాతులు ఉమ్మడి పూర్వీకుల నుండి పరిణమించాయన్న విషయంలో నేటి జీవశాస్త్రంలో వివాదం లేదు. ఈ సృష్టి వెనుక ఒక సంకల్పం ఉన్నదా, మనిషి ఎట్లా జీవించాలి అన్న ప్రశ్నలకు మాత్రం ఎముకలు జవాబు చెప్పవు. ఆ ప్రశ్నలు ప్రతివాని అంతరాత్మకే మిగిలి ఉంటాయి.

ప్రియ విద్యార్థులారా! అఫ్గానీ పొరబడినప్పుడు బహిరంగంగా పొరబడ్డారు. తరువాత ఆలోచన మారినప్పుడు ఆ మార్పును దాచుకోలేదు. ఆయన ఖండనను చదివినవారు వేలమంది. పునరాలోచనను తెలుసుకున్నవారు బహు కొద్దిమంది. ఆ రెండింటినీ కలిపి చదవడమే ఆయనకు మనం చేయగల న్యాయం. ఒక గణితోపాధ్యాయుడు ప్రశ్న అడిగినందువల్ల మన హైదరాబాదులో ఒక మహాచర్చ మొదలైంది. మీరు కూడా మీ సందేహాన్ని పరీక్ష కాగితం వెనుక దాచకండి. తరగతిలో అడగండి, ఇంట్లో అడగండి, వీలైతే మలేరి దాకా వెళ్ళి అక్కడి ఎర్రమట్టిని చేతిలోకి తీసుకొని చూడండి. తెలిసినదానిని ఒప్పుకోవడానికీ, నమ్మినదానిని నిలుపుకోవడానికీ ఒకే నిజాయితీ కావాలి. ఆ నిజాయితీ మన కళాశాల విద్యార్థులలో వర్ధిల్లాలని మేము మనసారా కోరుకుంటున్నాము.